హితోపదేశ కథలలో ‘మిత్ర’ శబ్దము

నరసన్నపేట ప్రాంతమునుండి ఆదివారమునాడు అరసవల్లికి బయలుదేరు భక్తులలో సూర్యనమస్కారము లాచరించువారు పెక్కుమంది కలరు. ఆ నమస్కారములయందు స్మరింపబడు పండ్రెండు నామములలో మొదటిది ‘మిత్ర’ నామము. అమరకోశమును ఈ పేరును సూర్యుని నామముల వరుసలో చేర్చినది. ఋగ్వేదము మూడవ మండలమునందలి 59వ సూక్తము మిత్రదేవతను గూర్చినదే. మాట నిలుపుటకు, ఒడంబడికను కాచుటకు ఆ దేవుడు సాక్షియని ప్రాచీనుల భావన. సంస్కృతమున ఈ పదము పుంలింగమైనచో సూర్యుడనియు, నపుంసకలింగమైనచో స్నేహితుడనియు అర్థము. తెలుగున ఆ భేదము నిలువలేదు. స్నేహితునికిని సూర్యునికిని మనము ‘మిత్రుడు’ అనియే అందుము.

ఈ పదమును ఎవరు, ఎవరితో, ఎప్పుడు పలికిరో గమనించుచు హితోపదేశమును చదివినచో, చిన్ననాడు విన్న కథలే క్రొత్తగా తోచును. నారాయణ పండితుడు పంచతంత్రమును ఆధారముగా గొని రచించిన ఈ గ్రంథమున మిత్రలాభము, సుహృద్భేదము, విగ్రహము, సంధి యను నాలుగు భాగములు కలవు. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికలోని మిత్రలాభ, మిత్రభేదముల వలన ఈ కథలు తెలుగువారి పాఠశాలలకు చేరినవి. చిత్రగ్రీవుడు, హిరణ్యకుడు, మంథరుడు అను పేర్లు ఆనాటి చదువులు చదివిన పెద్దలకు నేటికిని నోట నుండును.

వలలో చిక్కిన పావురములు వలతోకూడ ఎగిరి హిరణ్యకుడను ఎలుక కలుగుచెంత వ్రాలినవి. పావురముల రాజు చిత్రగ్రీవుడు ఆ ఎలుకకు చిరకాల మిత్రుడు. హిరణ్యకుడు మొదట రాజు కట్లనే కొరుకబూనెను. తన పరివారపు కట్లు ముందు తెంపుమని చిత్రగ్రీవుడు కోరెను. తాను అల్పశక్తి గలవాడననియు, తన పళ్లు సుకుమారములనియు, అవి విరుగకమునుపు మిత్రుని కట్లు తెంపి, పిదప చేతనైనంతవరకు ఇతరుల కట్లు తెంపెదననియు ఎలుక మనవి. తన్ను తాను కాపాడుకొనుటయే నీతియని కూడ అది వాదించెను. చిత్రగ్రీవుడు వినలేదు, ఆశ్రితుల దుఃఖమును చూడజాలననెను. అప్పుడు హిరణ్యకుడు సంతోషించి, ఆ మిత్రుని మెచ్చుకొని, అందరి కట్లను తెంపెను. ఆ సుకుమారమైన పళ్లతోనే!

ఇది చూచిన లఘుపతనకమను కాకి ఆ ఎలుకతో చెలిమి కోరినది. హిరణ్యకుడు వెంటనే ఆ పదమును దానికి ఈయలేదు. తినునదియు తినబడునదియు మిత్రులగుట ఎట్లని నిలదీసెను. కాకి ఎంతయో బ్రతిమాలి, ఆ స్నేహము దొరకనిచో అచటనే నిరాహారముగా ప్రాణము విడిచెదనన్న పిదపనే అంగీకరించెను. మంచివారి నోట ఈ మాట ఆలస్యముగా వచ్చుట ఈ భాగమంతటను గమనింపదగినది.

నక్క విషయము వేరు. మగధదేశమున చంపకవతి యను అడవిలో చిత్రాంగుడను లేడియు, సుబుద్ధి యను కాకియు చిరకాలము స్నేహముగా నుండినవి. బలిసిన ఆ లేడిని క్షుద్రబుద్ధి యను నక్క చూచెను. దాని మాంసమును తినుట ఎట్లని ఆలోచించి, ముందు నమ్మకము కలిగింపదలచి దగ్గరకు వచ్చెను. వచ్చుచునే అది పలికిన మొదటి మాట ‘మిత్రమా’ అనునదే. లేడి ‘నీవెవ్వడవు?’ అని అడుగుటకు ముందే అది మిత్రమైపోయినది! తెలియనివానితో చెలిమి తగదని కాకి హెచ్చరించెను. పిల్లిని నమ్మి చెడిన ముసలి గ్రద్ద కథను కూడ చెప్పెను. లేడి లక్ష్యపెట్టలేదు.

నక్క లేడికి పైరుగల పొలమును చూపెను. పొలముగలవాడు ఉచ్చు పన్నెను. చిక్కుకొన్న లేడి నక్కను చూచి, మిత్రుడు వచ్చెనుగదా యని సంతోషించి, కట్లు తెంపుమని వేడుకొనెను. అప్పుడు నక్క చెప్పిన సమాధానము అరసవల్లి భక్తులు తప్పక వినదగినది. ఈ ఉచ్చులు నరములతో చేయబడినవి, నేడు ఆదివారము, వీనిని పంటితో ఎట్లు తాకుదును? తెల్లవారిన పిమ్మట నీవు చెప్పినట్లు చేసెదను. ఇదీ దాని భాష్యము. మూలమున ఆదివారమునకు వాడబడిన మాట ‘భట్టారకవారము’, అనగా పూజ్యుడైన స్వామి వారము.

ఆదివారమున మాంసము ముట్టని నియమము మన ఇండ్లలో ఎందరికో కలదు. ఈ కథ ఆ నియమమును ఎగతాళి చేయుచున్నదని కొందరందురు. నాకట్లు తోచదు. నక్కకు నియమమే లేదు. ఆ మాట చెప్పి అది ఇంటికి పోలేదు. లేడి చచ్చినచో నెత్తురంటిన ఎముకలు దొరకునని ప్రక్కనే పొంచియుండెను. తెల్లవారుట యనగా పొలముగలవాడు కర్రతో వచ్చు వేళ యని దానికి తెలియును. మిత్రనామము గల దేవుని వారమును అడ్డుపెట్టి, మిత్రుడని పిలిచినవానిని చంపింపజూచినది. ఇట్టి నక్కకు నారాయణ పండితుడు వేరొక వ్రతమును గాక ఆదివార వ్రతమునే అంటగట్టుట యాదృచ్ఛికమో, శబ్దార్థము నెరిగి చేసినదో నిర్ణయింపజాలము. చదువరికి మాత్రము రెండర్థములును ఒక్కచోట తగులును. ఎలుక పళ్లు సుకుమారములైనను తెంపినవి. నక్క పళ్లు గట్టివైనను కదలలేదు.

సాయంకాలమైనను లేడి రాకుండుట చూచి కాకి వెదకుచు వచ్చెను. ఇదేమని అడుగగా లేడి, సుహృత్తు మాటను త్రోసిపుచ్చిన ఫలమిదియే యనెను. ‘సుహృత్తు’ అనగా మంచి హృదయము గలవాడు. నక్క మొదటి మాటగా వాడుకొన్న పదమును విడిచి, లేడి కాకికి మరియొక పదమును వాడినది. నక్కను గూర్చి కాకి అడిగినది ‘ఆ వంచకుడెక్కడ?’ అని. సంస్కృతమున వంచక శబ్దమునకు నక్క యనియు అర్థము కలదు, అమరకోశమే సాక్షి.

మరునాడు లేడి కాకి చెప్పినట్లు చచ్చినదానివలె పడియుండెను. పొలముగలవాడు నమ్మి కట్లు విప్పెను. కాకి అరచినంతనే లేడి పరుగెత్తెను. వాడు విసరిన కర్ర పొంచియున్న నక్కకు తగిలెను.

పంచతంత్రము ‘మిత్రభేదము’ అని పిలిచిన భాగమునకు నారాయణ పండితుడు ‘సుహృద్భేదము’ అని పేరిడెను. చిన్నయసూరి మరల ‘మిత్రభేదము’ అనియే ఉంచెను. పింగళకుడను సింహమును, సంజీవకుడను ఎద్దును దమనకుడు విడదీసిన కథ అది. లేడి కాకికిచ్చిన పదమును తలచుకొని ఆ భాగమును చదువువారికి, అందు చెడినది ఎంతటిదో ‘సుహృద్భేద’ మను పేరే చక్కగా తెలుపుచున్నది.