డేటాబేసులో దీర్ఘ పాఠాలు, ఛాయాచిత్రాలు

విద్యార్థి పేరు, పుట్టిన తేదీ, మార్కులు - ఇవి చిన్న విలువలు. వీటిని పట్టికలో చేర్చుట కంప్యూటరు శాస్త్రం చదివే వారందరికీ తెలిసినదే. కాని ఒక సుదీర్ఘ వ్యాసాన్నో, ఛాయాచిత్రాన్నో అదే పట్టికలో భద్రపరచవలసి వచ్చినప్పుడు మరికొంత జాగ్రత్త అవసరము. లేనిచో సమాచారం సగం పోయి, పోయిన సంగతి కూడ ఎవరికీ తెలియకుండును.

మొదటిది కొలత. పెక్కుచోట్ల హద్దును అక్షరాలలో గాక బైట్లలో లెక్కింతురు. యూటీఎఫ్-8 విధానంలో ఆంగ్లాక్షరానికి 1 బైటు, ఉర్దూ అక్షరానికి 2, తెలుగు సంకేతానికి 3 బైట్లు కావలెను. 'కితాబ్' అను పదం ఉర్దూ లిపిలో నాలుగక్షరాలు; 8 బైట్లు చాలును. తెలుగు లిపిలో మూడు హల్లులు, రెండు గుణింతపు గుర్తులు, ఒక పొల్లు కలిసి ఆరు సంకేతాలు. 18 బైట్లు కావలెను. మైఎస్‌క్యూఎల్‌లో 'టెక్స్ట్' రకానికి హద్దు 65,535 బైట్లు. అందులో తెలుగు సంకేతాలు 21,845 మాత్రమే పట్టును. 2015లో వెలువడిన 5.7 కూర్పు నుండి, హద్దు మీరిన పాఠాన్ని తిరస్కరించుటే సహజ నియమమైనది. ఆ నియమాన్ని తొలగించినచో మిగిలిన భాగాన్ని కత్తిరించి, ఒక హెచ్చరికతో సరిపెట్టును. 'బ్లాబ్' రకంలో చేర్చిన చిత్రానికీ ఇదే గతి. తరచుగా పైభాగమే కనిపించును. కావున విలువ పరిమాణాన్ని ముందే అంచనా వేసి, 'లాంగ్‌టెక్స్ట్', 'లాంగ్‌బ్లాబ్' వంటి పెద్ద రకాలను ఎన్నుకొనవలెను.

రెండవది చదువు విధానం. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఒక పుట సాధారణంగా 8 కిలోబైట్లు. అందులో ఇమడని విలువను కుదించి, అప్పటికీ ఇమడనిచో ముక్కలుగా వేరొక పట్టికలో ఉంచి, అసలు వరుసలో దాని ఆచూకీ మాత్రమే నిలుపును. పేర్ల జాబితా కోరుతూ అన్ని కాలములనూ అడిగితే ఆ ముక్కలన్నీ కదలివచ్చును. ఒక్కొక్క చిత్రం 2 మెగాబైట్లయినచో, 200 మంది జాబితాకు 400 మెగాబైట్లు! కావలసిన కాలములనే అడుగవలెను. పెద్ద విలువను ముక్కలుగా చదువుట మంచిదే. కాని పాఠం విషయంలో ముక్క అక్షరం నడుమ తెగవచ్చును. మిగిలిన బైట్లను తరువాతి ముక్కతో కలిపిన పిదపనే అక్షరాలుగా మార్చవలెను.

మూడవది చిత్రాల నివాసం. 2006లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను పరీక్షించి, 256 కిలోబైట్ల లోపు వస్తువులు డేటాబేసులోను, 1 మెగాబైటు మించినవి విడి ఫైళ్లలోను ఉండుట మేలని తేల్చిరి. ఈ అంకెలు నాటి యంత్రాలవైనను సూత్రం నేటికీ ఉపయోగకరమే. అయితే ఫైళ్లు వేరుగా ఉన్నప్పుడు రెండింటికీ ఒకేసారి నకలు తీయవలెను. లేనిచో పట్టికలో చిరునామా ఉండును, చిత్రముండదు.

ఏ కళాశాలయైనా తన ఉర్దూ, తెలుగు పాత సంచికలను ఈ విధంగా భద్రపరచదలచినచో ఒక నియమం పాటించవలెను. చేర్చిన ప్రతి విలువనూ తిరిగి చదివి, బైట్ల సంఖ్యను మూలంతో సరిచూడవలెను. అటుపిమ్మట ఒక మనిషి ప్రతి వ్యాసపు చివరి వాక్యాన్ని కంటితో చూడవలెను. అంతవరకు మూలప్రతిని అటక ఎక్కించరాదు, పారవేయరాదు.