ఆ ఏడాది చెవులకు ఇవ్వండి

గదిలో తలుపు వేసుకుని రోజుకు ఆరు గంటలు స్కేల్స్ సాధన చేయడానికే అయితే వియన్నా దాకా వెళ్లనక్కర్లేదు. ఆ పని హైదరాబాద్‌లో చేయొచ్చు, విజయవాడలో చేయొచ్చు, ఖర్చూ తక్కువ. పియానోనో వయొలినో నేర్చుకుని, గ్రేడ్ పరీక్షలన్నీ పాసై, ఏడాది పాటు విదేశంలో సంగీతం చదవాలని కలలుగనే పిల్లలు ఇప్పుడు మన ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఇంటి దగ్గర దొరకనిది ఏదో చూసుకుని, ఆ ఏడాదంతా దానికే ఖర్చు పెట్టండి. సంగీత విద్యార్థికి అక్కడ దండిగా దొరికేవి రెండు: వినడం, నలుగురితో కలిసి వాయించడం.

1705లో బాఖ్‌కు ఇరవై ఏళ్లు. ఆర్న్‌స్టాట్‌లో చర్చి ఆర్గన్ వాయించే ఉద్యోగం. లూబెక్‌లో ఉన్న ఆర్గన్ విద్వాంసుడు బుక్స్‌టెహూడే సంగీతం వినాలని నాలుగు వారాల సెలవు అడిగి, దాదాపు 400 కిలోమీటర్లు నడిచి వెళ్లాడు. వెళ్లినవాడు నాలుగు నెలల దాకా తిరిగి రాలేదు. వచ్చాక చర్చి పెద్దలు నిలదీశారు: ఇన్నాళ్లూ ఎక్కడున్నావని ఒక పక్క, భక్తిగీతాల మధ్య ఈ వింత స్వరాలేమిటని ఇంకో పక్క. ఆ రెండో ఫిర్యాదు చూడండి. విన్నది వేళ్లలోకి దిగిందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి!

జుబిన్ మెహతా కథ మనకు ఇంకా దగ్గరిది. బొంబాయి కుర్రాడు, 1954లో పద్దెనిమిదేళ్ల వయసులో వియన్నా అకాడమీలో చేరాడు. కండక్టింగ్‌లో గురువు హాన్స్ స్వరోవ్‌స్కీ. కరాయన్, బ్రూనో వాల్టర్ లాంటి ఉద్దండులు ఆర్కెస్ట్రాతో రిహార్సల్ చేయిస్తుంటే చూడాలని తపన. బయటివాళ్లను రానిచ్చేవారు కాదు. దాంతో అతనూ, సహవిద్యార్థి క్లాడియో అబ్బాడో కలిసి అక్కడి కోరస్‌లో గాయకులుగా చేరిపోయారు. పాడుతూనే కండక్టర్ చేతుల్ని ఎదురుగా నిలబడి చూశారు. మీ వాద్యం ఏదైనా సరే, వెళ్లగానే ఏదో ఒక కోరస్‌లో చేరండి. గొప్ప గొంతు అక్కర్లేదు, శ్రుతి తప్పకపోతే చాలు.

వినడానికి డబ్బు పెద్ద అడ్డంకి కాదు. వియన్నా స్టేట్ ఒపెరాలో నిలబడి చూసే చోట్లు వందల్లో ఉన్నాయి. కుర్చీ టికెట్‌తో పోలిస్తే ధర చాలా తక్కువ. లోపలికి వెళ్లగానే ముందున్న కడ్డీకి మీ స్కార్ఫ్ కట్టేస్తే ఆ చోటు మీదే, ఇంకెవరూ ఆక్రమించరు. సీజన్‌లో దాదాపు ప్రతి సాయంత్రం ప్రదర్శన ఉంటుంది. నిన్న ఆడిన ఒపెరా ఇవాళ సాధారణంగా ఉండదు. మ్యూజిక్‌ఫెరైన్ గోల్డెన్ హాల్‌లోనూ వెనకవైపు నిలబడే చోటు ఉంది. వారానికి రెండు సాయంత్రాలు వీటికి కేటాయించండి. వెళ్లేముందు స్కోరు ఒకసారి తిరగేయండి. గదికి రాగానే, మీకు ఆశ్చర్యం కలిగించిన ఒక్క చోటు నోటుబుక్‌లో రాసుకోండి. ఒక్కటి చాలు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, కాగితానికి అందనివి కొన్ని ఉన్నాయి. వియన్నా వాల్ట్జ్ స్కోరులో మూడు దెబ్బలూ సమానంగానే కనిపిస్తాయి. అక్కడివాళ్లు వాయించేటప్పుడు రెండోది కాస్త ముందే పడుతుంది. ఎంత ముందు? అది స్కోరులో రాసి ఉండదు. మన గమకాన్ని నొటేషన్ చూసి ఎవరైనా పట్టుకోగలరా? ఇదీ అంతే. శ్రుతి సంగతీ చూడండి. చాలాచోట్ల 'ఎ' స్వరం 440 హెర్ట్జ్ అయితే, వియన్నా ఫిల్‌హార్మోనిక్ 443కి శ్రుతి చేసుకుంటుంది. తేడా చిన్నదే, పక్కన కూర్చుని వాయించేవాళ్ల చెవి మాత్రం దాన్ని వదిలిపెట్టదు.

ఇక మన పిల్లల అసలు లోటు. గ్రేడ్ పరీక్ష కోసం మూడు పీసులు పట్టుకుని ఏడాదంతా వాటినే అరగదీయడం మనకు అలవాటైపోయింది. ఎదుటివాళ్లు ఊపిరి పీల్చే తీరు చూసి మొదలుపెట్టడం, పక్కవాళ్లు తడబడితే ఆగకుండా అందుకోవడం, కొత్త పేజీ ముందు పెట్టగానే వాయించడం: ఇవి ఒంటరి సాధనలో రావు. అక్కడ క్వార్టెట్‌లో కూర్చోబెట్టిన మొదటి రోజే ఈ లోటు బయటపడుతుంది. బయలుదేరడానికి ఆరు నెలల ముందు నుంచే రోజుకో కొత్త పేజీ తీసి, మధ్యలో ఆగకుండా చివరిదాకా వాయించండి. స్వరం తప్పితే తప్పనీయండి, లయ వదలకండి. హైడెన్ ఒక్కడే 68 క్వార్టెట్లు రాశాడు. తోడుగా ముగ్గురు స్నేహితులు దొరికితే ఏడాదికి సరిపడా విందు.

మరో సంగతి ముందే తెలిసి ఉండాలి. మొదటి రెండు మూడు నెలలు మీరు ఇంటి దగ్గరకన్నా అధ్వానంగా వాయించే అవకాశమే ఎక్కువ. కొత్త టీచర్ మీ భుజం సరిచేస్తారు, విల్లు పట్టే తీరు మారుస్తారు. మీరు గర్వంగా వాయించే కచేరీ పీసును పక్కన పెట్టించి, ఉత్త తీగల మీద విల్లు లాగమంటారు. పాతది చేజారుతుంది, కొత్తది చేతికి రాదు. సరిగ్గా అప్పుడే ఇంటి నుంచి ఫోన్: "ఏం నేర్చుకున్నావురా నాన్నా, ఏదీ ఒకటి వినిపించు." అమ్మానాన్నలకు నా విన్నపం, సంక్రాంతి దాకా ఆ మాట అడక్కండి. తిన్నావా, నిద్రపోతున్నావా అని అడగండి. పిల్లలూ, టీచర్ చూడనప్పుడు పాత అలవాటులోకి జారుకోకండి. మణికట్టు నొప్పి పెడితే వెంటనే ఆపి చెప్పండి. నొప్పిని దాచి సాధన చేసి చేతులు పాడుచేసుకున్నవాళ్లు సంగీతంలో చాలామంది ఉన్నారు.

జర్మన్‌ను పరీక్ష కోసం ముక్కున పట్టి వదిలేయొద్దు. 1960ల్లో జాన్ హిగిన్స్ అనే అమెరికన్ యువకుడు ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్‌తో మద్రాసు వచ్చి టి.విశ్వనాథన్ శిష్యరికం చేశాడు. తెలుగు తన మాతృభాష కాకపోయినా త్యాగరాజ కృతులు శ్రద్ధగా నేర్చి, తిరువయ్యారు ఆరాధనలో పాడి, హిగిన్స్ భాగవతార్ అనిపించుకున్నాడు. మన భాష మీద ఆయన పెట్టిన శ్రద్ధను షూబర్ట్ జర్మన్ పాటల మీద మనమూ పెట్టాలి.

చిన్న జాగ్రత్తలు రెండు. మన కోస్తా ఉక్కపోతకు అలవాటు పడ్డ వయొలిన్ చలికాలంలో హీటర్ గది పొడిగాలికి పగుళ్లు తీస్తుంది, బిరడలు జారతాయి. పెట్టెలో తేమ నిలిపే గొట్టం తప్పనిసరి. అక్కడి ఇళ్లలో రాత్రి పది తర్వాత చప్పుడు చేయకూడదు, కాబట్టి సాధన గదులున్న హాస్టల్ వెతుక్కోండి.

ఏడాది అంటాం గానీ, చదువు అక్టోబరులో మొదలై జూన్ చివరికి అయిపోతుంది. మధ్యలో క్రిస్మస్ సెలవులు, ఫిబ్రవరి సెలవులు, ఈస్టర్ సెలవులు. జూలై, ఆగస్టుల్లో ఒపెరా కూడా మూసేస్తారు. అందుకే కోరస్ ఆడిషన్ ఎప్పుడో మొదటి వారంలోనే కనుక్కోండి. క్యాంటీన్‌లో వయోలా పెట్టె కనిపిస్తే వెళ్లి పలకరించండి. డిసెంబరు దాకా మొహమాటపడితే, అప్పటికి అందరి క్వార్టెట్లూ కుదిరిపోయి ఉంటాయి.