వాన నీటి కాలుష్యం – ఎగువా దిగువా కలిస్తేనే పరిష్కారం



వాన నీరు స్వచ్ఛమైనదని మనం చిన్న తరగతుల్లో చదువుకున్నాం. నేలను తాకిన తర్వాత దాని సంగతి వేరు. రోడ్డు మీది నూనె, పేడ, ప్లాస్టిక్ సంచులు, చేలల్లోని ఎరువులు, పురుగుమందులు అన్నింటినీ మోసుకొని వాగులోకో, చెరువులోకో చేరుతుంది. ఫ్యాక్టరీ గొట్టం నుండి వచ్చే కాలుష్యానికి బాధ్యులెవరో చెప్పవచ్చు. వాన నీటి కాలుష్యానికి అలా ఒక్కరిని చూపలేం.

వాటర్‌షెడ్ అంటే ఏమిటి?

ఎంత మేర కురిసిన వాన ఒక వాగులోకి పారి వస్తుందో ఆ నేలంతా ఆ వాగు వాటర్‌షెడ్, అనగా పరీవాహక ప్రాంతం. పల్లెల నుండి వచ్చిన మనకు ఈ మాట కొత్త కాదు. సి.హెచ్. హనుమంతరావు గారి కమిటీ 1994లో చేసిన సిఫారసుల ఆధారంగా 1995 నుండి వాటర్‌షెడ్ పథకాలకు కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. ఊళ్లలో కమిటీలు ఏర్పడ్డాయి. ఎత్తు నుండి పల్లానికి పని చేసుకుంటూ రావాలన్నది ముఖ్య సూత్రం. అక్కడి లక్ష్యం మట్టిని, నీటిని నిలపడం. మురికిని ఆపడానికీ ఆ సూత్రమే పనికివస్తుందనడానికి అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం ఒక ఉదాహరణ.

ఫిలడెల్ఫియా అనుభవం

ఆ నగరంలో సుమారు 60 శాతం ప్రాంతంలో మురుగుకూ, వాన నీటికీ ఒకే గొట్టం. పెద్ద వాన పడితే గొట్టం పట్టక మురుగు నదుల్లోకి పొంగుతుంది. అందుకని నగర నీటి శాఖ 2011లో 25 ఏళ్ల ప్రణాళిక మొదలుపెట్టింది. వీధుల పక్కన, పార్కుల్లో, బడుల ఆవరణల్లో నీరు ఇంకే తోటలు వేయడం అందులో ప్రధానం. కురిసిన మొదటి అంగుళం వానను ఎక్కడికక్కడే పట్టి ఉంచాలన్నది లెక్క. ఒక ఎకరం మీద ఒక అంగుళం వాన అంటే లక్ష లీటర్లకు పైమాటే.

అక్కడి ఒక వాగును ఎగువన టూకనీ, నగరంలో టాకనీ, దిగువన ఫ్రాంక్‌ఫర్డ్ అంటారు. పేర్లు మూడైనా నీరు ఒక్కటే. ఎగువ భాగం నగరం పరిధిలో లేదు, వేరే టౌన్‌షిప్‌లది. కాబట్టి నగరం ఒక్కటే పాటుపడితే చాలదు. ఎగువవారిని, దిగువవారిని కలిపే వాటర్‌షెడ్ భాగస్వామ్య సంఘం ఒకటి అక్కడ పనిచేస్తోంది. వాలంటీర్లు వాగు నీటిని పరీక్షిస్తారు, ఒడ్డున చెట్లు నాటుతారు, చెత్త ఏరుతారు. నగర శాఖకు డబ్బు, ఇంజనీర్లు, అధికారం ఉన్నాయి. సంఘానికి అధికారం లేదు. అయితే నీళ్ల రంగు ఎక్కడ మారిందో ఒడ్డున ఉండేవారికే ముందు తెలుస్తుంది.

మన సంగతి

మన రాజ్యాంగం 11వ షెడ్యూలులో వాటర్‌షెడ్ అభివృద్ధి పంచాయతీల అంశంగా ఉంది. 12వ షెడ్యూలులో పారిశుద్ధ్యం, పర్యావరణ పరిరక్షణ పట్టణ సంస్థల అంశాలుగా ఉన్నాయి. పరీక్షల్లో ఇవి రెండు ప్రశ్నలు. వాగుకు మాత్రం ఈ హద్దు తెలియదు. హైదరాబాద్‌లోని హుస్సేన్ సాగర్‌లోకి కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు వచ్చి కలుస్తాయి. నాలాల పొడవునా మురికి ఆగనిదే గట్టున ఎంత ఊడ్చినా లాభం లేదు.

ఇందులో మనకు సంబంధించిన మాట ఇంకొకటి ఉంది. చాలా ఊళ్లలో మన వాడలు పల్లంలోనే ఉంటాయి. ఎగువ వీధుల నీరు మన ముంగిళ్ల మీదుగానే పారుతుంది. దోమలు, జ్వరాలు ముందు మన ఇళ్లకే వస్తాయి. కాబట్టి అధికారులు, ప్రజలు కలిసి వేసే ఏ కమిటీలోనైనా పల్లపువారికి చోటు ఉండాలి. శ్రమదానానికి పిలిస్తే చాలదు, నిర్ణయం చేసేటప్పుడూ పిలవాలి.

ఈ సెలవులకు ఊరు వెళ్లినప్పుడు మోరీ ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో నడిచి చూసి, ఒక పటం గీద్దాం. మురికి ఎక్కడ కలుస్తోందో గుర్తుపెట్టి గ్రామసభలో చూపుదాం. పంచాయతీ కార్యదర్శులుగా, ఇంజనీర్లుగా, వార్డు సభ్యులుగా ఉన్న మన పూర్వ విద్యార్థులు అన్నలు, అక్కలు ఆ పటాన్ని ఫైలు దాకా చేర్చవలసిందిగా కోరుతున్నాం.