గెలుస్తుండగానే గ్లవ్స్ ఎందుకు విప్పేస్తారు?

ప్రశ్న: ఒక్కసారీ ఓడని బాక్సింగ్ చాంపియన్ రిటైరవడం ఏమిటండీ? భయమా?

జవాబు: భయం కాదండీ. రాకీ మార్సియానోనే చూడండి. 49 పోరాటాలు, 49 గెలుపులు. 1955 సెప్టెంబరులో ప్రత్యర్థి ఆర్చీ మూర్ రెండో రౌండులో ఆయన్ని కింద పడేశాడు. అయినా మార్సియానో లేచి తొమ్మిదో రౌండులో మూర్‌ని నాకౌట్ చేశాడు. అదే చివరి పోరు. 1956 ఏప్రిల్‌లో, 32 ఏళ్లకే తప్పుకున్నాడు. ఇంటివాళ్లతో గడపాలన్నాడు. నడుంనొప్పి, మేనేజరుతో పొసగకపోవడమూ ఉన్నాయి. మనకు కనబడేది రింగులోని కాసేపే. దాని వెనక వారాల తరబడి ఇంటికి దూరంగా శిక్షణ శిబిరం, స్పారింగులో తలకు తగిలే దెబ్బలు. గెలిచినవాడి మెదడుకైనా ఆ దెబ్బలన్నీ లెక్కే. నన్నడిగితే, ఆయన చేసిన అన్నిటికన్నా ధైర్యమైన పని అలా తప్పుకోవడమే. 1959లో మళ్లీ దిగుదామని సాధన మొదలుపెట్టాడు, కొన్నాళ్లకే మానేశాడు.