టేపు కొక్కెం ఎందుకు కదులుతుంది?

మీ ఇంట్లో ఉక్కు టేపు ఉందా? దాని చివరనున్న కొక్కేన్ని వేలితో కదిపి చూడండి. ముందుకూ వెనక్కూ కొద్దిగా జరుగుతుంది. వదులైందనుకుని సుత్తితో కొట్టి బిగించేవారూ ఉన్నారు. దాంతో మంచి టేపు కాస్తా పాడవుతుంది! ఆ కదలిక లోపం కాదు, కావాలని పెట్టిందే. ఎందుకో చూద్దాం.

సికింద్రాబాదు నేరేడ్‌మెట్‌లోని ఒక ఇంట్లో, గోడగూటిలో పుస్తకాల కోసం చెక్క అర అమర్చాలనుకోండి. చెక్కను కొలిచేటప్పుడు కొక్కేన్ని అంచుకు తగిలించి లాగుతాం. అప్పుడు కొలత కొక్కెం లోపలి ముఖం నుంచి మొదలవ్వాలి. గూటిని కొలిచేటప్పుడు కొక్కేన్ని గోడకు నొక్కుతాం. అప్పుడు బయటి ముఖం నుంచి మొదలవ్వాలి. రెండింటికీ తేడా కొక్కెం మందమంత, అంటే సుమారు ఒక మిల్లీమీటరు. కొక్కెం సరిగ్గా అంతే జరిగి, రెండు చోట్లా సున్నాను సరిచేస్తుంది.

గూటి రెండో మూలలో టేపు సరిగా మడత పడదు. అందుకే మధ్యలో పెన్సిలు గుర్తు పెట్టి, ఎడమ గోడ నుంచీ కుడి గోడ నుంచీ ఆ గుర్తు వరకు విడివిడిగా కొలవండి. 60 సెం.మీ., 47.3 సెం.మీ. వస్తే వెడల్పు 107.3 సెం.మీ. గోడలు సమానంగా ఉండవు కాబట్టి గూటి ముందు భాగంలోనూ, లోపలి భాగంలోనూ కొలిచి, తక్కువ వచ్చిన దాన్నే తీసుకోండి. చెక్క పొడవైతే మళ్ళీ కోయవచ్చు. పొట్టిదైతే అతకలేం కదా!

టేపు కుంగకూడదు, వాలకూడదు. 2 మీటర్ల దూరంలో టేపు నడుమ 5 సెం.మీ. కుంగితే కొలత సుమారు 3 మి.మీ. ఎక్కువ వస్తుంది. వాలినా అంతే, కొలత ఎక్కువే వస్తుంది గాని తక్కువ రాదు. గీతను పక్కనుంచి కాక, నిటారుగా పైనుంచి చదవండి.

మరి ఎండ మాటేమిటి? ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే మీటరు ఉక్కు సుమారు 0.012 మి.మీ. సాగుతుంది. 20 డిగ్రీల దగ్గర సరిగా ఉన్న 5 మీటర్ల టేపు, మే నెల ఎండలో 50 డిగ్రీలకు వేడెక్కితే 1.8 మి.మీ. సాగుతుంది. మన అరకు ఇది లెక్కలోకి రాదు. మైళ్ల దూరం కొలిస్తేనో?

1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర సుమారు ఏడున్నర మైళ్ల గీతను 100 అడుగుల ఉక్కు గొలుసుతో కొలిచాడు. గొలుసు కుంగకుండా పొడవాటి చెక్క పెట్టెల్లో పరిచి, థర్మామీటర్లతో వేడిని చూస్తూ లెక్క సవరించాడు. ఆ కొలత ఆధారంగా మొదలైన సర్వే దక్కను మీదుగా ఉత్తరానికి సాగింది. 1815లో బీదరు ప్రాంతంలో మరో గీత కొలిచి లెక్కలు సరిచూశారు. ఆయన చూసుకున్న కుంగుబాటూ, వేడీ మీ చేతిలోని టేపుకూ ఉన్నవే.

చేసి చూడండి: మీ బల్ల పొడవును ఐదుసార్లు కొలిచి రాయండి. తరువాత కొక్కెం వదిలేసి, 10 సెం.మీ. గీతను బల్ల అంచున పెట్టి కొలిచి, వచ్చిన దాంట్లోంచి 10 తీసివేయండి. రెండు పద్ధతులకూ తేడా ఎంత వచ్చింది? 2 మి.మీ. దాటితే మీ టేపు కొక్కెం వంగి ఉందేమో పరీక్షించండి.