‘బాగుందా?’ అని అడగకండి

ప్రశ్న: మాది బొల్లాపల్లి. ఒకటి, రెండు తరగతులకు పాఠాలు చెబుతాను. ఏ బొమ్మ చూపించినా పిల్లలు ‘బాగుంది టీచర్’ అని ఊరుకుంటున్నారు. వాళ్లచేత మాట్లాడించడం ఎలా?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: పిల్లల దగ్గర మాటలు లేక కాదమ్మా, ‘బాగుందా?’ అన్నదానికి అంతకు మించి జవాబు ఉండదు. ప్రశ్న మార్చి, దగ్గరి బొమ్మతోనే మొదలుపెట్టండి. మీ పల్నాడులోనే నాగార్జునకొండ ఉంది. సుమారు 1,700 ఏళ్ల కిందట, ఇక్ష్వాకుల కాలంలో, ఈ నేల సున్నపురాతి మీదే శిల్పులు బుద్ధుడి కథలు చెక్కారు. అందులో ఒక శిల్పం ఫొటోను పెద్దదిగా తీయించి గోడకు అంటించండి. ఒక నిమిషం అందరూ మాట్లాడకుండా చూడాలి. తర్వాత మూడే ప్రశ్నలు: ఇక్కడ ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అన్నావు? ఇంకా ఏం కనిపిస్తోంది? అమెరికాలో అబిగైల్ హౌసెన్, ఫిలిప్ యెనవైన్ రూపొందించిన పద్ధతి ఇది.

ఒక పాప ‘ఈమె ఏడుస్తోంది’ అంటే తప్పనకండి. ‘ఏం చూసి?’ అనండి. ‘తల వంచుకుంది, చెయ్యి బుగ్గకు ఆనించింది’ అని వేలితో చూపిస్తుంది. బొమ్మను చదవడం మొదలయ్యేది అక్కడే. బిడియపడే పిల్లలు ఆ భంగిమలో నిలబడి చూపించినా అదీ జవాబే. కథ మాత్రం చివర్లోనే చెప్పండి. వారానికి ఒక్క బొమ్మ, పది నిమిషాలు చాలు.