చల్లటి ఇంజన్

తిల్దా,
ఆదివారం రాత్రి.

చిన్నా,

సీతంపేట కొండల నుంచి అనాసపళ్లు దింపడానికి రాయపూర్‌లో ఓ పాత బొలెరో పికప్ చూశానని, బేరం కూడా కుదిరేలా ఉందని మొన్న నువ్వు ఫోన్లో సంబరంగా చెబుతుంటే, మన ఇంట్లో మొదటిసారి ఒకడు ఇంకొకరి బండి తోలకుండా తన బండి తనే తోలుకోబోతున్నాడని గొంతు పట్టేసి నాకేమీ మాట రాలేదురా నాన్నా. ఫోన్ పెట్టేశాక మాత్రం అడగాల్సినవన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చి నిద్రపట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

నీకు తొమ్మిదేళ్లప్పుడు సంక్రాంతి సెలవులకి ఇక్కడికొచ్చావు, గుర్తుందా? అప్పుడే నేనూ ఓ పాత డీజిల్ బండి కొన్నాను. చూడ్డానికి వెళ్లేసరికే అమ్మేవాడు దాన్ని కాసేపు తిప్పి తెచ్చి వాకిట్లో పెట్టాడు, తాళం తిప్పగానే అందుకుంది, నేను మురిసిపోయి డబ్బిచ్చేశాను. వారం తిరక్కుండానే, ఇక్కడి జనవరి చలిలో, ఓ ముసలి రైతు ధాన్యం బస్తాలన్నీ ఎక్కించుకుని తెల్లవారుజామున బయల్దేరబోతే ఆ ఇంజన్ మూలుగుతుందే తప్ప అందుకోదు. ఆయన అరుగు మీద ముడుచుకుని కూర్చుంటే నువ్వు ఎవరూ చెప్పకుండానే నీ రగ్గు తీసుకెళ్లి ఆయనకి కప్పి, వణుకుతూ వచ్చి నా పక్కన టార్చి పట్టుకుని నిలబడ్డావు. కొనుగోలు కేంద్రంలో ఆయన వంతు ఆ రోజు పోయింది. నన్ను ఒక్క మాట అనలేదు, ఆ అనకపోవడమే ఇన్నేళ్లయినా నాకు మానని దెబ్బ.

అందుకని చెబుతున్నాను, పొద్దున్నే వెళ్లు. బండిని ముందుగా స్టార్ట్ చెయ్యొద్దని రాత్రే చెప్పి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యిపెట్టి చూడు. వెచ్చగా తగిలితే మర్నాడు మళ్లీ వెళ్లు. చల్లటి ఇంజన్ దాచుకోలేదురా. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని, రింగులో టర్బోనో అరిగిందని అర్థం. నల్ల పొగైతే గాలి ఫిల్టరో నాజిళ్లో చూసుకోవాలి. తెల్ల పొగ ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకపోతే, రేడియేటర్ నీళ్లు తగ్గుతుంటే, హెడ్ గాస్కెట్‌ని అనుమానించు. ఇంజన్ ఆడుతుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడు, పొగ గుప్పుగుప్పున కొడితే ఆ ఇంజన్ పని అయిపోవచ్చినట్టే. ఆయిల్ పుల్ల మీద పాలమీగడలాంటిది కనిపిస్తే నీళ్లు కలిశాయని.

ఇక కిందకి దూరి చూడు. ఇదంతా రైస్ మిల్లుల ప్రాంతం, ఇక్కడి పికప్‌లు మోయాల్సిన దానికంటే ఎక్కువే మోసి ఉంటాయి. కమాన్ కట్టల్లో అదనపు పట్టీ వేశారా, ఛాసిస్ మీద కొత్త వెల్డింగ్, కొత్త పెయింట్ ఉన్నాయా చూడు. మీటరు తక్కువ చూపిస్తూ పెడల్ రబ్బర్లు నున్నగా అరిగిపోయి ఉంటే రబ్బర్లనే నమ్ము. బీఎస్-6 బండి, అంటే 2020 ఏప్రిల్ తర్వాతదైతే, పొగమసి పట్టే ఫిల్టర్ ఉందేమో, దాని దీపం వెలుగుతోందేమో అడుగు. తక్కువ దూరాలే తిరిగితే ఆ మసి కాలక పూడుకుపోతుంది, నీవన్నీ తక్కువ దూరాలే.

కాగితాల దగ్గర మొహమాటపడకు. ఛాసిస్ నంబరు నీ కళ్లతో ఆర్సీతో సరిచూసుకో. ఫైనాన్స్ తీరిందని ఫారం 35, పేరు మార్పుకి 29, 30, రాష్ట్రం దాటిస్తున్నావు గనుక ఎన్‌ఓసీకి ఫారం 28. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి, ఆ ఖర్చు కూడా బేరంలో లెక్కేసుకో.

నువ్వు మనుషుల్ని ఇట్టే నమ్ముతావు, ఆ గుణం మీ నాయనమ్మది, దాన్ని మార్చుకోమని నేనెప్పుడూ చెప్పను. కానీ ఆ కొండ మీద ఓ అవ్వ తెల్లారకముందే కోసిన పళ్లు నీ బండిలో పెట్టి, సాయంత్రానికి వచ్చే డబ్బుతో ఏమేం కొనాలో లెక్కలు వేసుకుంటూ నిలబడుతుంది చూడు, ఆవిడ ఇంజన్ మూత తీసి చూడలేదు కదా. ఆవిడ తరఫున నువ్వే చూడాలి, అందుకే అమ్మేవాడు విసుక్కున్నా రెండోసారి చూడు.

ముందురోజు సాయంత్రానికే తిల్దా వచ్చెయ్. పెద్దమ్మ నీకోసం చీలాలు వేస్తానని అప్పుడే బియ్యప్పిండి కొట్టించి పెట్టింది. చీకటితోనే ఇద్దరం రైలెక్కి రాయపూర్ వెళ్దాం. బండి కిందకి నువ్వు దూరు, ఈసారి టార్చి నేను పట్టుకుంటాను.

ఇట్లు,
నీ పెదనాన్న